తప్పెట చప్పుడు – తుగ్గలి నుంచి కడప దాకా

మా అమ్మ పుట్టిల్లు కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో ఒక చిన్న పల్లె. ఆ ఊరి పేరు మాత్రం చెప్పను. ఎందుకు చెప్పనో ఈ కథ పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

నాకు ఇరవై నాలుగేళ్లు. హైదరాబాదులో ప్రకటనలు తయారుచేసే ఒక సంస్థలో పని చేస్తున్నాను. దీన్నే డిజిటల్ మార్కెటింగ్ అంటారు. మా అవ్వకు ఈ మాట నోరు తిరగదు.

"ఇంతకూ నువ్వు అమ్మేదేంది పాపా?" అని అడిగింది ఒకనాడు.

నేను అమ్మేది ఏమీ లేదనీ, అమ్మేవాళ్ల తరపున జనాన్ని పిలవటమే నా ఉద్యోగమనీ చెప్పాను.

"ఓహో! తిరునాళ్లలో సోడా సీసాల మీద కర్ర్ మని గీస్తాడే, ఆ పనా!" అని అవ్వ తేల్చేసింది.

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. మా విద్యలో మొదటి పాఠం అదే. ఫోనులో బొమ్మలు చూసే మనిషి బొటనవేలు క్షణం నిలవదు. ఒకదాన్ని పైకి తోసి ఇంకొకదాని మీదికి పోతూ ఉంటుంది. మొదటి మూడు సెకండ్లలో ఆ వేలిని ఆపగలిగితే మనం గెలిచినట్టు. ఆపలేకపోతే తర్వాత ఎంత గొప్ప సంగతి చెప్పినా వినే నాథుడుండడు. ఎంతమంది చివరిదాకా చూశారు, ఎంతమంది మరొకరికి పంపారు అని ఆ యంత్రం లెక్క వేసుకుంటుంది. లెక్క బాగుంటే తనంతట తానే మరో వెయ్యిమందికి చూపిస్తుంది. వాళ్లూ ఆగితే పదివేలమందికి. ఆ లెక్కలో వేగానికి పడే మార్కులు నిజానికి పడవు.

రాయలసీమ పల్లెల్లోకి ఈ వేడుక వచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు. 2016లో జియో వచ్చి డేటా ధరను నేలకు దించింది. ఆపైన టిక్‌టాక్ ఊరూరా పాకింది. 2020 జూన్ చివర ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పదిహేను రోజులు తిరక్కుండానే ఇన్‌స్టాగ్రామ్ వారు రీలు అనే సరుకును మన దేశంలో దింపారు. ఇవాళ మా మామ ఊళ్లో బోరింగు దగ్గర నీళ్లు పట్టే అమ్మాయి మొదలు బండి తోలే ముసలాయన దాకా చేతిలో ఫోను లేనివాళ్లు తక్కువ.

ఇక వజ్రాల సంగతి. తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి, మద్దికెర – ఈ ఊళ్ల చుట్టూ ఉన్నవి ఎర్రనేలలు. రోహిణి కార్తె ఎండలకు నేల పగిలి, తొలకరి వాన పడి పైమట్టి కొట్టుకుపోయిందంటే, ఎక్కడో ఒక చేలో ఎవరో ఒకరికి వజ్రం దొరుకుతుంది. ఇది కట్టుకథ కాదు. ఆ పక్కనే అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర, భూమి లోతుల్లో నుంచి పైకి తన్నుకొచ్చిన కింబర్లైటు అనే శిల ఉంది. వజ్రాలను పైకి మోసుకొచ్చేది ఆ శిలే. అది యుగాల తరబడి అరిగి, కరిగి, వానకు కొట్టుకుపోగా, వజ్రం మాత్రం కరగక మట్టిలో మిగులుతుంది. దొరికినవాడు గుట్టుగా వ్యాపారి దగ్గరికి పోతాడు. వ్యాపారి బరువు చూసి, రంగు చూసి, ఒక ధర కడతాడు. ఆ ధర సరైనదా కాదా అని అడగటానికి దొరికినవాడికి తెలివీ ఉండదు, తీరికా ఉండదు.

పోయిన ఏడు జూన్‌లో నేను సెలవు పెట్టి మామ ఊరికి వెళ్లాను. ముందురోజు రాత్రి పెద్దవాన. తెల్లారి చేనుకు పోతే పక్కింటి పిల్లవాడు గుప్పిట మూసుకొని పరుగెత్తుకుంటూ వచ్చాడు. గుప్పిట విప్పితే శెనగబేడంత తెల్లని రాయి. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి తళుక్కుమంది. నా చేతిలో ఫోను సిద్ధంగానే ఉంది. వృత్తి అలాంటిది మరి! నలభై సెకండ్ల వీడియో తీశాను. మొదటి మూడు సెకండ్లలో పిల్లవాడి అరచెయ్యి, తళుకు, నా గొంతు: "మా మామ చేలో ఏం దొరికిందో చూడండి!" ఊరిపేరు పెట్టాను. చేనుకు దారి తెలిసేలా మ్యాపు గుర్తు కూడా పెట్టాను.

మధ్యాహ్నానికి ఊళ్లో రాళ్ల సంగతి తెలిసిన పెద్దాయన ఆ రాయిని చూసి, "పలుగురాయి" అని పెదవి విరిచి అవతల పారేశాడు. అప్పటికే నా వీడియోను ఇరవైవేలమంది చూశారు. అది పలుగురాయి అని చెబుదామనుకున్నాను. చెబితే ఆ పరుగు ఆగిపోతుంది. రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు హైదరాబాదు బస్సెక్కాను. నాలుగు రోజుల్లో మూడు లక్షలమంది చూశారు. ఆఫీసులో అందరూ నా వీపు తట్టారు.

ఆ తర్వాత మామ ఇంట్లో జరిగింది నాకు ఆర్నెల్లదాకా తెలియదు. సంక్రాంతి పండుగకు కర్నూలు వెళ్లినప్పుడు, అరిసెలు వత్తుతూ అమ్మ మాటల మధ్యలో అన్నది: "పాపం, మీ మామ ఈ ఏడు శెనక్కాయ రెండుసార్లు విత్తినాడు." ఎందుకని అడిగితే, వజ్రాలకని జనం వచ్చి మొలకలన్నీ తొక్కేశారట. ఎక్కడినుంచో కార్లు కట్టుకొని వచ్చారట. మూడెకరాలు. విత్తనానికి మళ్లీ అప్పు. రెండోసారి విత్తేసరికి అదను తప్పి కాపు పల్చనయింది.

"నా వీడియో చూసేనా అమ్మా?"

అమ్మ అరిసె మీంచి కళ్లెత్తలేదు. "మీ మామ నీతో చెప్పద్దన్నాడు" అంది.

ఈ ఏడు జూన్ మొదట్లో మా సంస్థవారు నన్ను గండికోటకు పొమ్మన్నారు. అక్కడ యాత్రికులకు గుడారాలు అద్దెకిచ్చే ఒక యజమాని కోసం చిన్న చిన్న వీడియోలు తీసుకురావాలి. దారిలో మామ ఊరు చూసుకు పోదామని రెండు రోజులు ముందే బయలుదేరాను.

కర్నూలులో దిగేసరికి తెల్లవారుతోంది. కొండారెడ్డి బురుజు ముందు అప్పటికే నలుగురు కుర్రాళ్లు ఫోన్లెత్తి వంకరలు తిరుగుతున్నారు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు ఇది. తాతగారు బతికున్న రోజుల్లో ఆ మూడేళ్ల ముచ్చట గంటలకొద్దీ చెప్పేవారు. ఆ కుర్రాళ్లకు బురుజు ఒక వెనకతెర, అంతే. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకెక్కడిది? ఊరుకొని పత్తికొండ బస్సెక్కాను.

కోడుమూరు దాటితే నేల రంగులు మారటం మొదలు. ఒకచోట నల్లరేగడి, ఒకచోట ఎర్రమట్టి, మధ్య మధ్య బోడిగుట్టలు. పత్తికొండలో టమేటా గంపలు రోడ్డుదాకా పేర్చి ఉన్నాయి. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827లో కలరా తగిలి కన్నుమూసింది ఈ ఊళ్లోనే. ఇప్పుడా ఊరిపేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది టమేటాల ధర. టీ అంగడి దగ్గర ఒక రైతు ఫోనులో మదనపల్లె ధర చూపించి వ్యాపారితో పేచీ పెట్టుకున్నాడు. వ్యాపారి కాస్త తగ్గాడు కూడా. అదీ ఈ ఫోను చేసే పనే. మంచిని మరిచిపోకూడదు కదా.

మామ ఇంటికి చేరేసరికి పదయింది.

"ఏం పాపా, ఎప్పుడు బయలుదేరితివి? చిక్కిపోతివే! కాళ్లు కడుక్కో, సంగటి తిందువు" అన్నాడు. పోయినేటి సంగతి ఒక్క మాటన్నా ఎత్తలేదు. అత్త సంగటిముద్ద మీద శెనక్కాయ ఊరిబిండి వేస్తూంటే నాకు ముద్ద దిగలేదు.

సాయంత్రం చేనుకు వెళ్లాను. గట్టున ఒక రేకు బోర్డు. మామ సొంత దస్తూరీ: 'ఈ చేలో విత్తనం వేసినాము. వజ్రాలు వెతకరాదు.' బోర్డు ముందు నలుగురు నిలబడి ఫొటో తీసుకుంటున్నారు!

"వజ్రాలు లేకపోతే బోర్డెందుకు పెడతాడండీ" అంటున్నాడు ఒకాయన, పక్కవాడితో. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

అవతల బీడు నేలలో కనుచూపు మేర మనుషులు. అందరూ నడుములు వంచి, తలలు దించి, గజం గజం కొలుస్తున్నట్టు నడుస్తున్నారు. కొందరు కూర్చొని మట్టిని వేళ్లతో దువ్వుతున్నారు. ఆడవాళ్లున్నారు, పసిపిల్లలున్నారు. చెట్టుకింద క్యారియర్లు, చాపలు, నీళ్ల సీసాలు. ఎవ్వరూ మాట్లాడుకోరు. నాట్లు వేసేచోట ఉండే పాట లేదు, తిరునాళ్లలో ఉండే నవ్వు లేదు.

చెట్టుకింద కూర్చున్న ఒక పెద్దాయన పక్కన నేనూ కూర్చున్నాను. పల్నాడు వైపు ఊరట, తాపీపని. వచ్చి పందొమ్మిది రోజులయిందట. రాత్రిళ్లు గుడి మండపంలో పడుకుంటున్నాడు.

"ఏమైనా దొరికిందా?" అని అడిగాను.

"మూడు రాళ్లు దొరికాయమ్మా. మూడూ పలుగులే" అన్నాడు.

"ఈ ఊరే ఎందుకు వచ్చారు?"

ఆయన జేబులోంచి ఫోను తీశాడు. అద్దం పగిలి ఉంది. వెతికి ఒక వీడియో పెట్టాడు. పిల్లవాడి అరచెయ్యి. తళుకు. "మా మామ చేలో ఏం దొరికిందో చూడండి!"

నా గొంతు నాకే ఎవరిదోలాగా వినిపించింది. పైన నా పేరు లేదు. ఎవరో దింపుకొని, తమ పేరు తగిలించి, మళ్లీ ఎక్కించారు. కింద ఎర్ర అక్షరాలతో "కోటి రూపాయల వజ్రం" అని రాసిపెట్టారు. నేను అనని మాట అది.

కాసేపటికి ధైర్యం చేసుకొని చెప్పాను. "ఆ అమ్మాయిని నేనేనండీ. అదీ పలుగురాయే. ఆ మధ్యాహ్నమే తెలిసింది."

ఆయన నావంక చూశాడు, ఫోనువంక చూశాడు. కోపం తెచ్చుకుంటాడేమో అనుకున్నాను. తెచ్చుకుంటే బాగుండేది.

"మరి ఆ మాట చెప్పలేదుగా అమ్మా" అన్నాడు. అంతే. ఫోను జేబులో పెట్టుకొని, పొద్దు వాలకముందే మరొక సాలు చూడాలని లేచి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఆరుబయట మంచాల మీద పడుకున్నాం. నేనే మొదలుపెట్టాను. "మామా, నా వల్ల తప్పయింది."

మామ చాలాసేపు పలకలేదు. తర్వాత, నాకు సమాధానం కాదన్నట్టుగా, ఒక పాత సంగతి ఎత్తుకున్నాడు.

"నా చిన్నప్పుడు మన ఊళ్లో ఒక తలారి ఉండేవాడు. తప్పెట కొట్టి చాటింపేసేవాడు. ఒకసారి చక్కెర పంచేది బేస్తవారమైతే బుధవారమని చాటినాడు. బుధవారం పొద్దున జనమంతా కూలి చెడగొట్టుకొని సంచులు పట్టుకొని పోతిరి. చక్కెర ల్యా. అందరూ కలిసి నేరుగా వాని ఇంటికాడికి పోతిరి. వాడు యాడికి పోతాడు? ఇల్లు ఆడనే ఉండాది. ఎవరూ కొట్టల్యా, తిట్టల్యా. మళ్లీ తప్పెట తీసుకొని, ముందురోజు తిరిగిన వీధులన్నీ మళ్లా తిరిగి, 'నిన్న నేను చెప్పింది తప్పు సామీ' అని చాటితే ఒప్పుకొనిరి."

కాస్త ఆగి, "నీ తప్పెట పెద్దది పాపా. వీధులే కనపడవు" అన్నాడు.

నాకు నిద్రపట్టలేదు. మా ఉద్యోగంలో మేము రోజూ అనుకునే మాట "చేరటం" – ఎంతమందికి చేరింది, ఎంత దూరం చేరింది అని. చేరిన తర్వాత వాళ్లు ఎవరి గుమ్మం ముందుకు వచ్చి నిలబడాలి? ఈ ప్రశ్న మాకు ఎవరూ నేర్పలేదు. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల శాఖవారు, డబ్బో సరుకో పుచ్చుకొని పొగిడేవాళ్లు ఆ సంగతిని చూసేవాళ్లకు స్పష్టంగా చెప్పాలని నియమాలు ప్రకటించారు. మంచిదే. కానీ నేను ఎవరి దగ్గరా డబ్బు పుచ్చుకోలేదు. నాకు దక్కింది మూడు లక్షల చూపులు. వాటికి పద్దు ఎవరు రాస్తారు?

తెల్లారి మామను బతిమాలి చేలోకి తీసుకెళ్లాను. ఒక పలుగురాయి ఆయన చేతికిచ్చి, తొక్కిపోయిన మొలకల సంగతి చెప్పమన్నాను. ఆయన ఫోనువంక చూడకుండా నేలవంక చూస్తూ రెండు మాటలు చెప్పాడు. "పోయిన ఏడు నేను చూపించింది పలుగురాయి. నేను అప్పుడే చెప్పవలసింది" అని నేను చెప్పాను. పెట్టేశాను. వారం తర్వాత చూస్తే నాలుగు వందల పన్నెండుమంది చూశారు.

మామ ఊరి నుంచి గుత్తి పోయేదారిలో ఎర్రగుడి దగ్గర దిగాను. గుత్తికి సుమారు 13 కిలోమీటర్లు. రోడ్డు పక్కన చిన్న గుట్ట, గుట్టమీద బండలు, బండలమీద అశోకుని శాసనాలు. 1929లో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుని కంటపడేదాకా లోకానికి వీటి సంగతి తెలియదు. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంనాటి బ్రాహ్మీ లిపి. భాష ప్రాకృతం. చిత్రమేమంటే, చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, ఎద్దు చాలు తిరిగినట్టు చెక్కి ఉన్నాయి. దుక్కి దున్నే సీమలో ఆ రాత చూస్తే ఆశ్చర్యం కలగదు మరి!

నేను బి.ఏ.లో చరిత్ర చదివాను కాబట్టి అందులో ఏముందో కొంత గుర్తుంది. రాజు చెప్పినట్టు చేయవలసిందనీ, రజ్జుకుడనే అధికారి భేరి మోగించి జనపదానికి ఈ మాట చాటవలసిందనీ ఆజ్ఞ. గురువులు శిష్యులకు చెప్పాలి. ఏనుగులెక్కేవాళ్లూ, లేఖకులూ తమవాళ్లకు చెప్పాలి. అంటే ఒకరి నుంచి ఒకరికి పంపుకుంటూ పోవటమన్నమాట! మేము కొత్తగా కనిపెట్టామని గొప్పపడుతున్న విద్య, మా మామ చేనుకు కొద్ది దూరంలో, ఇరవైరెండు వందల ఏళ్ల క్రితమే బండమీద ఉంది. మరి పంపమన్న మాట ఏమిటి? తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణులమీద దయ చూపండి, సత్యం పలకండి. భేరి మోగించమన్న శాసనంలోనే సత్యం పలకమని కూడా ఉంది. నేను భేరి మాత్రం తీసుకొని తక్కింది గుట్టమీదే వదిలేశానన్న మాట.

గుత్తి నుంచి తాడిపత్రి మీదుగా జమ్మలమడుగు చేరాను. అక్కడికి 15 కిలోమీటర్లలో గండికోట. కోటలోపల ఇప్పటికీ ఒక పల్లె ఉంది. జామా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ ఆలయం దాటి, బండలమీదుగా నడుస్తూ పోతే, హఠాత్తుగా కాళ్ల ముందు నేల ఆగిపోతుంది. ఎర్రమలను నిలువునా కోసుకుంటూ పెన్న కింద ఎక్కడో మెలిక తిరుగుతుంది. లోతు సుమారు 300 అడుగులు. పొరలు పొరలుగా పేర్చిన ఎర్రరాయి పొద్దు వాలేవేళ నిప్పుకణికలా మారుతుంది. నేను ఫొటోల్లో వందసార్లు చూసినా, చూసి ఒక నిమిషం ఫోను తీయటం మరిచిపోయాను.

దీన్ని అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోల్చి చెప్పుకోవటం ఈమధ్య అలవాటయింది. ఆ పోలికను ఊరూరా మోసింది ఈ ఫోన్లే. టీ అంగడి ఆవిడను అడిగాను.

"ముందు ఈగలు తోలుకునేటోళ్లం పాపా. ఇప్పుడు శనాదివారాలొస్తే పాలు చాలవు. ఫోన్లు సల్లగుండాల" అంది. అంగడి వెనకనున్న ప్లాస్టిక్ సీసాల గుట్ట కూడా చూపించింది. "ఇవీ ఆ ఫోన్లే తెచ్చినాయి."

గుడారాల యజమాని మంచివాడే. కాఫీ ఇప్పించి, తనకు కావలసింది వివరంగా చెప్పాడు. ఒక అమ్మాయి బండ అంచున కాళ్లు వేలాడదీసి కూర్చోవాలి. వెనకనుంచి తియ్యాలి. కింద లోయ కనిపించాలి. "ఆ ఒక్క షాటుకే వేలు ఆగుతుందండీ" అన్నాడు. నిజమే, ఆగుతుంది. నా వృత్తి నాకు తెలుసు. అంచున కటకటా లేదు, తాడూ లేదు. గాలి విసురు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఆ వీడియో చూసి ఎంతమంది ఆడపిల్లలు అక్కడే కూర్చొని చూడాలనుకుంటారు? వాళ్లు వచ్చేనాటికి నేను హైదరాబాదులో ఉంటాను.

నేను తీయనన్నాను. దూరంగా గట్టి బండమీద నిలబెట్టి, లోయ మీద పొద్దు వాలటం తీస్తానన్నాను. చివర "అంచుకు పోకండి, నీళ్లు తెచ్చుకోండి, సీసాలు తిరిగి తీసుకుపోండి" అని చెబుతానన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. "యాత్రికులను రమ్మంటున్నారా, భయపెడుతున్నారా?" అన్నాడు.

నాకు అప్పుడు టావెర్నియే గుర్తొచ్చాడు. ఫ్రాన్సు దేశపు రత్నాల వర్తకుడు. గోలకొండ సుల్తానుకు అమ్మబోయే సొత్తును ముందు మంత్రి మీర్ జుమ్లాకు చూపించాలని 1652లో గండికోటకు వచ్చాడు. ఆయన యాత్రా గ్రంథం 1676లో పారిస్‌లో అచ్చయి, మన సీమ వజ్రాల సంగతి ఐరోపా అంతటా చాటింది. ఈ కోట ఎంత బలమైనదో రాశాడు. ఎక్కే దారి ఎంత ఇరుకో, పక్కనే ఎంతటి భయంకరమైన లోయ ఉందో అదీ రాశాడు. దానివల్ల కోట పేరు తగ్గలేదే! ఈ మాట యజమానికి చెబితే నవ్వి, "ఆయనకు గుడారాల అద్దె లేదుగదా అమ్మా" అన్నాడు. నేనూ నవ్వాను. తీయవలసింది మాత్రం నా పద్ధతిలోనే తీశాను.

కడపలో రైలుకు నాలుగు గంటల వ్యవధి ఉంది. పొద్దున్నే నెయ్యికారం దోసె తిని, సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి వెళ్లాను. 1820లో బ్రౌన్ దొర ఉద్యోగం మీద కడప వచ్చి, ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పోషించి తెలుగు గ్రంథాలను వెలికితీయించాడు. ఆ బంగళా ఉన్నచోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలవల్ల ఈ గ్రంథాలయం వెలిసింది.

అక్కడ కూర్చొని ఆలోచిస్తే నాకు ఒక సంగతి తోచింది. వేమన పద్యం కూడా రీలులాంటిదే. పొట్టిది. ఒకసారి వింటే పట్టుబడుతుంది. ఒకరి నోటినుంచి ఒకరి నోటికి ఎవరి ఖర్చూ లేకుండా సీమంతా పాకింది. పాకటంలో ఎన్నో చేతులు పడ్డాయి. ఎవరెవరో మార్చారు, ఎవరెవరో కలిపారు. బ్రౌన్ చేసిందేమిటి? ఎన్నో ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, ఏది ఏ ప్రతిలో ఎలా ఉందో సరిచూసి, ఆ తర్వాత 1829లో అచ్చు వేయించాడు. తొందర పడలేదు. రాసిన లేఖకుణ్ణి నమ్మి ఊరుకోలేదు. పొరుగుదేశం నుంచి వచ్చిన మనిషి మన పద్యానికి అంత మర్యాద చేశాడు. నేను మా మామ చేనుకు ఒక మధ్యాహ్నంపాటు మర్యాద చేయలేకపోయాను.

కంప్యూటరు తెరిచి గండికోట వీడియో పూర్తిచేశాను. చివరిమాటలు తీయకుండానే పంపించాను. యజమాని ఒప్పుకున్న సొమ్ము ఇచ్చాడు. ఆ తర్వాత పని మాత్రం మరొక సంస్థకు ఇచ్చాడట. మా పైఅధికారి నన్ను పిలిచి, "ఇలా అయితే కష్టం" అన్నారు. కష్టమే, నేను కాదనలేదు.

ఇక నా పాత వీడియో. దాన్ని తీసేద్దామని మొదట అనుకున్నాను. తీసేస్తే లాభంలేదు. దొంగిలించినవాళ్ల దగ్గర అది అలాగే ఉంటుంది, నా గుమ్మం మాత్రం మూతపడుతుంది. అందుకని మ్యాపు గుర్తు తీసేసి, దానికి మొట్టమొదటే, ఆ మూడు సెకండ్లలోనే, "ఇది పలుగురాయి" అన్న మాట చేర్చాను. ఎక్కడెక్కడ ఎవరెవరు ఎక్కించారో వెతికి, ఒక్కొక్కరికీ కింద అదే మాట రాస్తున్నాను. కొందరు తీసేశారు. కొందరు నన్ను అడ్డుకున్నారు. ఒకాయన, "మాకు దొరక్కుండా మీరే ఏరుకుందామనా?" అని అడిగాడు.

నిన్న మామకు ఫోను చేశాను. తుగ్గలిలో మంచి వాన పడిందట. మూడెకరాల్లో విత్తనం పడిందట.

"జనం వచ్చినారా మామా?"

"వచ్చినారు. పోయినేటికంటే తక్కువే. ఒకాయన నీ రెండో వీడియో చూసినానని చెప్పి గట్టుమీద నుంచే తిరిగిపోయినాడు" అన్నాడు.

ఒక్క మనిషి! ఆ నాలుగు వందల పన్నెండుమందిలో ఒక్కడు. మూడు లక్షలకు ముందు అది ఏపాటి లెక్క? అయినా మామ ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో సంతోషం వినిపించింది. నాకు ఇంకా తిరగవలసిన వీధులు చాలా ఉన్నాయి.